ట్రాఫిక్‌లో ముల్లు పైకి, రోడ్డెక్కితే కిందికి: ఇంజిన్ ఎందుకు వేడెక్కుతోందో ఇంటి దగ్గరే పట్టుకోవడం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. చిన్న పెట్రోల్ కారు. ట్రాఫిక్‌లో ఆగి ఉంటే పది నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది, ఖాళీ రోడ్డు దొరికి వేగం అందుకుంటే మళ్లీ మధ్యకు దిగుతుంది. రిజర్వ్ ట్యాంకులో వారానికి అర లీటరు దాకా తగ్గుతోంది, కొళాయి నీళ్లు పోసి నెట్టుకొస్తున్నారు. ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదిలే కవాటం) తీసి పారేద్దామన్నాడు, ఇంకొకరు రేడియేటరే మార్చాలన్నారు. ఏది ముందు చేయాలి?

ఇప్పటికి రెండూ వద్దు. మీరు రాసిన మాటల్లోనే కావలసిన రెండు ఆధారాలున్నాయి: బండి ఎప్పుడు వేడెక్కుతోంది, నీళ్లు ఎంత తగ్గుతున్నాయి. ఈ రెండిటికీ వేర్వేరు కారణాలు ఉండాలని లేదు. ఫ్యాన్ తిరగకపోతే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి హద్దు దాటితే రేడియేటర్ మూత తెరుచుకుని కూలెంట్‌ను (ఇంజిన్‌ను చల్లబరచడానికి నీళ్లతో కలిపి పోసే ద్రవం) బయటికి తోసేస్తుంది. అంటే ఎక్కడా లీకు లేకుండానే నీళ్లు తగ్గుతాయి. అందుకే మీ బండిలో నా మొదటి అనుమానం ఫ్యాన్ మీద, రెండోది మూత మీద, ఆ తర్వాతే లీకు మీద. పార్టులు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవడం కంటే ఈ వరసలో పరీక్షించడం మేలు. మొదటి రెండిటికీ ఖర్చే లేదు.

ముందు ఒళ్లు కాలకుండా చూసుకోండి. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపిన ద్రవం మామూలు గాలి ఒత్తిడిలో 106, 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 1.1 బార్ మూత బిగించి ఉంటే 130 దగ్గరదాకా మరగదు. 115 డిగ్రీల మీద ఉన్న రేడియేటర్ మూత తిప్పారంటే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, లోపలి ద్రవం అక్కడికక్కడే ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ కప్పి తిప్పితే ఏం కాదనే మాట నమ్మకండి. పై హోస్ పైపును ఒట్టి చేత్తో పది సెకన్లు హాయిగా పట్టుకోగలిగితేనే మూత ముట్టుకోండి, దానికి గంటో గంటన్నరో పడుతుంది. ఇంకో జాగ్రత్త: చాలా బండ్లలో ఎలక్ట్రిక్ ఫ్యాన్ తాళం తీసేశాక కూడా దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. రెక్కల మధ్య వేళ్లు పెట్టాల్సి వస్తే దాని ప్లగ్ ఊడదీయండి.

దారిలో ముల్లు పైకి వెళ్తే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడి మీద, బ్లోయర్‌ను పూర్తి వేగం మీద పెట్టండి. లోపల కూర్చోలేరు గానీ, హీటర్ అంటే ఇంకో చిన్న రేడియేటరే కదా, కొంత వేడి అది లాగేస్తుంది. అయినా దిగకపోతే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఆవిరి వస్తుంటే అది తగ్గేదాకా బానెట్ ఎత్తొద్దు. కాగిపోయిన ఇంజిన్‌లో చల్లటి నీళ్లు అస్సలు పోయొద్దు. అల్యూమినియం హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) ఒక పక్కన హఠాత్తుగా చల్లబడితే వంగుతుంది, కొన్నిసార్లు పగులుతుంది. అప్పటిదాకా చిన్న మరమ్మతుతో పోయేది ఇంజిన్ విప్పేదాకా వెళ్తుంది.

ఇక ముల్లు సంగతి. దాన్ని పూర్తిగా నమ్మొద్దు. డ్రైవర్లు కంగారు పడకుండా చాలా కంపెనీలు దాన్ని సుమారు 75 నుంచి 105 డిగ్రీల దాకా మధ్యలోనే నిలబెట్టేస్తాయి. అది కదిలిందంటే అప్పటికే చాలా వేడెక్కిందని అర్థం. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో (బండి కంప్యూటర్ కొలతలు చదివే చోటు) చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ అంకె చూడండి. ఈ మొత్తం పనిలో అంతకు మించి ఉపయోగపడే పరికరం లేదు. మామూలుగా 85 నుంచి 100 మధ్య ఆడుతుంది. ఫ్యాన్ 95 నుంచి 105 మధ్య ఎక్కడో మొదలై, ఐదారు డిగ్రీలు తగ్గాక ఆగుతుంది. మీ బండికి సరైన అంకెలు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటాయి. 110 దాటిందంటే ఏదో లోపం ఉంది, 118, 120 అంటే ఇంజిన్ ఆపాల్సిందే. ఒక ఉచ్చు కూడా ఉంది: నీళ్లు బాగా తగ్గిపోయి సెన్సర్ మొన గాల్లో తేలితే, ఇంజిన్ మాడిపోతున్నా అంకె కిందికి పడిపోతుంది. వేడి పెరిగి పెరిగి ఉన్నట్టుండి చల్లబడినట్టు చూపిస్తే సంతోషించకండి, వెంటనే ఆపండి.

ఎప్పుడు వేడెక్కుతోందన్నదే సగం జవాబు చెప్తుంది. 40 కిలోమీటర్ల వేగం దాటాక రేడియేటర్‌కు ఎదురుగాలే చాలు, ఫ్యాన్ పని పెద్దగా ఉండదు. ఆగి ఉన్నప్పుడే దాని అవసరం. కాబట్టి ట్రాఫిక్‌లో వేడెక్కి రోడ్డు మీద దిగితే గాలి సమస్య: ఫ్యాన్, దాని వైరింగు, లేదా పూడుకుపోయిన ఫిన్స్ (రేడియేటర్ రేకు మడతలు). దీనికి తలకిందులుగా, ట్రాఫిక్‌లో బాగానే ఉండి వేగంలోనో ఎత్తు ఎక్కేటప్పుడో వేడెక్కితే నీళ్ల ప్రవాహం చాలట్లేదని అర్థం: లోపల గార పట్టిన రేడియేటర్, సగమే తెరుచుకునే థర్మోస్టాట్, అరిగిన పంపు. స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాల్లోనే 110కి దూకితే థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుంది, లేదా నీళ్లు బాగా తక్కువున్నాయి, లేదా హెడ్ గాస్కెట్ (హెడ్‌కు, ఇంజిన్ బ్లాక్‌కు మధ్య ఉండే సీలు) పోయింది. ఇంజిన్ కాగుతుంటే హీటర్‌లోంచి చల్లగాలి వస్తోందంటే నీళ్లు హీటర్ దాకా చేరడం లేదు, తక్కువైనా ఉండాలి, ఎయిర్ లాక్ (గొట్టాల్లో చిక్కుకున్న గాలి) అయినా ఉండాలి, పంపైనా ఆడకపోవాలి.

మీది మొదటి రకం కాబట్టి ఫ్యాన్ దగ్గర కాసేపు ఆగుదాం. బండి ఆరుబయట నిలిపి, ఇంజిన్ ఆన్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ పట్టుకోగానే ఫ్యాన్ తిరగాలి. తిరిగిందంటే మోటారు, వైర్లు బతికే ఉన్నాయి, అయినా వేడెక్కినప్పుడు తిరగట్లేదంటే టెంపరేచర్ సెన్సర్ వైపు చూడాలి. ఏసీ వేసినా తిరగలేదా? ముందు ఫ్యూజు చూడండి. కాలలేదనిపించినా తీసి మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (కరెంటు పారుతోందో లేదో) చూడాలి, కంటికి కనబడని పగుళ్లుంటాయి. తర్వాత రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్చు: ఫ్యూజుల పెట్టెలోనే హారన్‌దో, ఇంకేదైనా అదే నంబరున్న రిలేనో తీసి మార్చి పెట్టండి. తిరిగితే తప్పు దొరికినట్టే. లేకపోతే ఫ్యాన్ ప్లగ్ ఊడదీసి, 30 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న మందపాటి వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. ఈ మోటార్లు 10 నుంచి 20 ఆంపియర్లు లాగుతాయి, సన్న వైరు పెడితే చేతిలోనే కరిగిపోతుంది. నేరుగా ఇచ్చినా కదలకపోతే, లేదా చేత్తో ఒక్క తిప్పు తిప్పితేనే మొదలైతే, మోటారు బ్రష్‌లు అయిపోయాయి, మార్చాల్సిందే. నేరుగా ఇస్తే గిర్రున తిరిగితే తప్పు వైర్లలోనో, ఎర్త్ తుప్పులోనో, సెన్సర్‌లోనో ఉంది.

సెన్సర్‌ను తేలిగ్గా తేల్చే ఉపాయం: ఇంజిన్ నడుస్తుండగా టెంపరేచర్ సెన్సర్ ప్లగ్ పీకండి. చాలా బండ్ల కంప్యూటర్ కొలత అందకపోతే ముందుజాగ్రత్తగా ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుతుంది. అలా తిరిగితే ఫ్యాన్ సర్క్యూట్ మొత్తం బాగున్నట్టు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, కంగారు పడొద్దు, అడాప్టర్‌తో కోడ్ చెరిపేయొచ్చు.

రెండు వేగాల ఫ్యాన్ ఉన్న బండ్లలో మరో చిక్కు ఉంది. తక్కువ వేగానికి ఒక రెసిస్టర్ ఉంటుంది, అది కాలిపోతే ఫ్యాన్ మొదటి దశలో తిరగదు, 105 దాటాక హోరుమంటూ ఒకేసారి పూర్తి వేగం అందుకుంటుంది. ఫ్యాన్ తిరుగుతోంది కదా అని జనం దీన్ని వదిలేస్తారు. ఫ్యాన్ మోటారు ఎవరైనా విప్పి మళ్లీ బిగించిన బండి అయితే గాలి ఎటు పోతోందో కూడా చూడండి. గ్రిల్ ముందు కాగితం పెడితే లోపలికి అతుక్కోవాలి. బయటికి ఎగిరితే వైర్లు తారుమారయ్యాయి, ఎదురుగాలితో కొట్లాడుతోంది. బెల్టుతో తిరిగే విస్కస్ ఫ్యాన్ ఉన్న బండైతే, వేడి మీద ఇంజిన్ ఆపగానే ఫ్యాన్ చప్పున ఆగాలి. తీరిగ్గా చాలా చుట్లు తిరిగి ఆగితే దాని క్లచ్ పోయింది.

ఫ్యాన్ బాగుంటే ఫిన్స్, అంటే రేడియేటర్‌కు ఉండే సన్నటి రేకు మడతలు. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తాయి, ఎందుకంటే మీకు కనబడేది ఏసీ కండెన్సర్. దాని వెనక, రేడియేటర్‌కు మధ్యలో ఉన్న వేలెడు సందులో దుమ్ము, పురుగులు, ఆకులు దిండులా పేరుకుంటాయి. టార్చి వేసి పక్క నుంచి చూడండి. కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి ముందుకు, దుమ్ము వచ్చిన దారినే వెనక్కి వెళ్లేలా, మామూలు గొట్టం నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్స్ వాలిపోయి గాలికి దారే ఉండదు, ఉన్న రోగం ముదురుతుంది. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, ఇంజిన్ కింది ప్లాస్టిక్ పలక కూడా అలంకారానికి పెట్టినవి కావు. అవి ఊడిపోతే గాలి రేడియేటర్‌లోంచి కాకుండా పక్కల నుంచి జారిపోతుంది.

ఇక నీళ్లు తగ్గడం. ముందు మూత విప్పి అడుగు చూడండి. రబ్బరు పగిలినా, గట్టిపడినా, స్ప్రింగ్ తుప్పు పట్టినా మార్చండి. దాని మీద ముద్రించిన ఒత్తిడి అంకె పాతదానికి, కొత్తదానికి ఒకటే ఉండాలి. ఎక్కువ పెడితే చల్లగా ఉంటుందనుకుని పెద్ద అంకె మూత కొంటే పాత హోస్‌లు, ప్లాస్టిక్ ట్యాంకులు పగులుతాయి. మూతలో రెండో చిన్న కవాటం కూడా ఉంటుంది, ఇంజిన్ చల్లారేటప్పుడు రిజర్వ్ ట్యాంకు నుంచి నీళ్లను తిరిగి లోపలికి రానివ్వడం దాని పని. అది బిగుసుకుంటే చల్లారిన బండిలో పై హోస్ పీల్చుకుపోయి చదునుగా ఉంటుంది, రిజర్వ్‌లో నీళ్లు నిండుగా ఉన్నా రేడియేటర్ ఖాళీగా ఉంటుంది. అందుకే రిజర్వ్ ఒక్కటే చూసి నీళ్లున్నాయనుకోవద్దు.

లీకును తడిలో వెతికితే దొరకదు, వేడికి ఆరిపోయి ఉంటుంది. ఆరిన మరక వెతకాలి: ఆకుపచ్చగానో గులాబీరంగుగానో తెల్లగానో ఉప్పు పేరినట్టు కనిపిస్తుంది. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు, హోస్ క్లిప్పుల చుట్టూ, థర్మోస్టాట్ హౌసింగు, రిజర్వ్ ట్యాంకు అతుకు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం చూడండి. ఆ రంధ్రం ఉన్నదే పంపు సీలు పోయిందని చెప్పడానికి, అక్కడ మరకలు కారి ఉంటే పంపు రోజులు లెక్కపెడుతోందని తెలుసుకోండి. బయట ఎక్కడా లేదు, కానీ ముందు సీటు కాళ్ల దగ్గర తివాచీ చెమ్మగా ఉంది, అద్దం మీద జిడ్డు ఆవిరి పడుతోంది, తియ్యటి వాసన వస్తోంది అంటే హీటర్ కోర్ (హీటర్‌లోని ఆ చిన్న రేడియేటర్) కారుతోంది. ప్రెషర్ టెస్టర్ అద్దెకో అరువుకో దొరికితే చల్లటి ఇంజిన్ మీద మూత అంకె దాకా గాలి కొట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. ముల్లు కదలకూడదు. కదిలితే చెవి దగ్గర పెట్టి వింటేనే చాలాసార్లు లీకు దొరుకుతుంది. లీకులు ఆపుతామనే పొడులు, సీసా మందులు పోయొద్దు. అవి రంధ్రాన్ని వెతుక్కుంటూ పోవు, సన్న గొట్టాలన్నిటినీ పూడుస్తాయి, మొదట పోయేది హీటర్ కోర్.

థర్మోస్టాట్ గురించి ఆ మెకానిక్ చెప్పింది పాతకాలపు అలవాటు. తీసేస్తే ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు. కంప్యూటర్ ఇంకా చల్లగా ఉందనుకుని ఎక్కువ పెట్రోల్ పోస్తుంది, ఆయిల్ పాడవుతుంది. అంతకంటే విచిత్రం, కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ అడుగున ఉండే పలక వేడెక్కాక బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే నీళ్లు రేడియేటర్ జోలికి పోకుండా ఇంజిన్‌లోనే చుట్టుకుంటూ, తీసేసినందుకే వేడెక్కుతుంది. పరీక్షించడం తేలిక. విప్పి, దారం కట్టి గిన్నె నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీయండి, పక్కన థర్మామీటరు పెట్టి కాగనివ్వండి. దాని మీద 82 అనో 88 అనో ముద్రించి ఉంటుంది, రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలై, ఇంకో 10, 15 డిగ్రీలకు 8 మిల్లీమీటర్ల దాకా లేవాలి. కరెంటు ప్లగ్ ఉన్న కొత్తరకం 105 డిగ్రీల థర్మోస్టాట్లు మరుగునీళ్లలో తెరుచుకోవు, వాటిని పాడైనవనుకోకండి. తిరిగి బిగించేటప్పుడు చిన్న గాలి రంధ్రం పైకి ఉండాలి, రబ్బరు రింగు కొత్తది వేయాలి. 6 మిల్లీమీటర్ల బోల్టులైతే 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు, బలం చూపిస్తే అల్యూమినియం మరలు ఊడొస్తాయి.

వేగంలో కూడా వేడెక్కడం మొదలైతే పంపు, లోపలి గార చూడండి. వేడి మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రేడియేటర్ అంతటా కొలుచుకుంటూ పోతే అంకెలు క్రమంగా దిగాలి. మధ్యలో ఒకచోట పక్కదానికంటే 15, 20 డిగ్రీలు చల్లగా ఉంటే ఆ గొట్టాలు పూడుకున్నాయి. మెరిసే అల్యూమినియం మీద ఈ పరికరం తక్కువ చూపిస్తుంది, నల్ల టేపు ముక్క అతికించి దాని మీద కొలవండి. కింది హోస్ కూడా చూడాలి, 3000 ఆర్పీఎం దగ్గర పంపు పీల్పుకు అది చప్పిడిగా నొక్కుకుపోతుంటే లోపలి స్ప్రింగ్ తుప్పు పట్టి పోయింది.

హెడ్ గాస్కెట్ పేరు చెప్పి భయపెట్టేవాళ్లు ఎక్కువ కాబట్టి దాని గుర్తులు తెలుసుకోండి. రాత్రంతా చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషం, రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడటం. మూత తీసి చల్లగా స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తూనే ఉండటం. ఎక్కడా మరక లేకుండా నీళ్లు మాయమవడం, పొద్దున్నే మిస్సవుతూ స్టార్ట్ అయి తియ్యటి వాసనతో తెల్ల పొగ రావడం. ఆయిల్ మూత కింద కాస్త మీగడలాంటిది కనబడితే అదొక్కటే రుజువు కాదు, దగ్గరి దూరాలే తిరిగే బండ్లలో చెమ్మకు కూడా అలా పేరుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మొత్తం కాఫీరంగుకు మారితే మాత్రం స్టార్ట్ చేయకండి. అనుమానం తీర్చుకోవడానికి బ్లాక్ టెస్టర్ ఉంది: రేడియేటర్ మూతి మీద పెట్టి పైగాలిని నీలి ద్రవంలోంచి పీలుస్తారు, సిలిండర్ పొగ కలిసి ఉంటే అది పసుపుగా మారుతుంది. తేలితే అది ఇంటి పని కాదు. హెడ్ చదును 0.05 మిల్లీమీటర్ల తేడాలోపు ఉందో లేదో చూడాలి, చాలా ఇంజిన్లకు బోల్టులు కూడా కొత్తవే వేయాలి.

మీరు ఇన్నాళ్లు పోసిన కొళాయి నీళ్లు బయటికి పోవాలి. వాటిలోని ఉప్పులు ఎక్కువ వేడి తగిలే చోటే, అంటే సిలిండర్ల చుట్టూ, గారగా దిగుతాయి. కూలెంట్ పలచబడి తుప్పును ఆపే గుణమూ తగ్గింది. చల్లటి ఇంజిన్ కింద బకెట్ పెట్టి రేడియేటర్ అడుగు ప్లగ్ విప్పండి. ఎన్ని లీటర్లు వచ్చాయో కొలిచి రాసుకోండి. డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, కింది హోస్ వేడెక్కేదాకా నడిపి, చల్లారాక మళ్లీ దించండి. నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు. ఎన్నిసార్లు దించినా ఇంజిన్ బ్లాక్‌లో లీటరో రెండు లీటర్లో నీళ్లు మిగులుతాయి. అందుకే రెడీమిక్స్ (ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్) పోస్తే పలచబడుతుంది. మాన్యువల్‌లో మొత్తం 5 లీటర్లు అని ఉంటే చిక్కటి కూలెంట్ 2.5 లీటర్లు ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. సగం కంటే చిక్కగా చేస్తే మంచిదనుకోకండి, కూలెంట్‌కు నీళ్లంత వేడి మోసే శక్తి లేదు. రంగు చూసి కొనొద్దు, రంగుకు ప్రమాణమేమీ లేదు, మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ చూడండి. దించిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకితే చచ్చిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి.

నింపడంలోనే సగం మంది దెబ్బతింటారు. బండి ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ వేడి మీద ఉంచి, గరాటుతో సన్నధారగా పోయండి. గాలి తీసే స్క్రూ ఉంటే బుడగల్లేని ధార వచ్చేదాకా వదులుగా ఉంచండి. పై, కింది హోస్‌లను చేత్తో పిసుకుతూ ఉంటే గుటగుటమని గాలి బయటికొస్తుంది. అప్పుడు స్టార్ట్ చేసి, మట్టం తగ్గినకొద్దీ పోస్తూ, పొంగే లోపు మూత బిగించి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి. చివరిసారి దించినప్పుడు 4 లీటర్లు వచ్చి ఇప్పుడు 3 లీటర్లే పట్టిందంటే లీటరు గాలి ఇంకా లోపలే ఉంది. డాష్‌బోర్డు వెనక నీళ్లు పారుతున్న చప్పుడు దానికి ఇంకో గుర్తు.

అంతా అయ్యాక ఏసీ వేసి, బండి కదలకుండా ఆరుబయట ఇరవై నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఫోన్‌లో అంకె చూడండి. ఫ్యాన్ వచ్చిపోతూ 105 లోపే ఊగుతుంటే మీ ట్రాఫిక్ సమస్య తీరినట్టు. రిజర్వ్ ట్యాంకు మీద మార్కర్‌తో గీత గీసి, వారం రోజులు పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద చూడండి. మొదటి రెండు రోజులు కాస్త దిగితే అది మిగిలిన గాలి బయటపడటం, పోసి వదిలేయండి. మూడో రోజు తర్వాత కూడా దిగుతుంటే ప్రెషర్ టెస్టర్ తెప్పించండి.